కాపీ చేశాక కూడా పాత ఆర్డర్ ఎందుకు మారింది?

కొన్నేళ్ల కిందట బెంగళూరు మారతహళ్ళిలో ఒక చిన్న కంపెనీలో పనిచేశాను. చుట్టుపక్కల ఆఫీసుల నుంచి మధ్యాహ్నం భోజనాల ఆర్డర్లు తీసుకుని ఆంధ్రా మెస్సులకు పంపే యాప్ అది. ఆఫీసుల వాళ్లు వారం వారం ఇంచుమించు ఒకే ఆర్డర్ పెడతారు, ముప్పై వెజ్ భోజనాలు, పది కోడి వేపుడు, పెరుగు అదనం, అలా. అందుకని ‘మళ్లీ ఇదే’ అని ఒక బటన్ పెట్టాం. అది నొక్కితే పాత ఆర్డర్ కాపీ అయి కొత్త ఆర్డర్‌గా తెరుచుకుంటుంది, కావలసిన మార్పులు చేసుకుని పంపేయొచ్చు. రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత ఒక ఆఫీసు అకౌంట్స్ వాళ్లు ఫోన్ చేశారు: పోయిన మంగళవారం బిల్లు మేం డబ్బు కట్టిన రోజు ఒకలా ఉంది, ఇప్పుడు తెరిస్తే ఇంకోలా ఉంది, ఏంటిది? కట్టేసిన బిల్లు దానంతటదే మారిపోయిందంటే ఎవరికైనా టెన్షనే.

ఆ బటన్ వెనక కోడ్ రాసింది అనంతపురం నుంచి వచ్చి మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. “అన్నా, నేను కాపీ తీసుకున్నాకే మార్చాను, పాతది ఎలా మారుతుంది?” అని అడిగాడు. తప్పించుకోవడానికి అన్న మాట కాదది. నిజంగానే కాపీ చేశాడు, ఆ లైన్ కళ్లెదురుగానే ఉంది. ఈ ప్రశ్న దగ్గర ప్రతి ప్రోగ్రామర్ ఏదో ఒక రోజు ఆగుతాడు, చాలామంది ఏదో ఒక ఫంక్షన్ పేరు వెతికి పట్టుకుని, బగ్ పోయిందనిపించగానే ముందుకెళ్లిపోతారు. అలా వెళ్లిపోతే ఏమవుతుందో కూడా మేం అదే నెలలో చూశాం, అది తర్వాత చెప్తాను.

ముందు వేరియబుల్ సంగతి. వేరియబుల్ అంటే విలువని పిలవడానికి కోడ్‌లో పెట్టుకునే పేరు, ఆబ్జెక్ట్ అంటే ఆర్డర్ లాంటి ఒకదాని వివరాలన్నీ కలిపి కట్టిన మూట. పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ లాంటి భాషల్లో వేరియబుల్ లోపల ఆబ్జెక్ట్ ఉండదు. ఆబ్జెక్ట్ మెమరీలో ఎక్కడో ఒక చోట ఉంటుంది, వేరియబుల్ దగ్గర ఉండేది అక్కడికి దారి చూపించే రిఫరెన్స్ మాత్రమే. ఊరి నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన తమ్ముడికి మీ పీజీ అడ్రస్ చీటీ మీద రాసిచ్చారనుకోండి. వాడు ఆ చీటీ చూసి ఇంకో చీటీ రాసి స్నేహితుడికి ఇచ్చాడు. ఇప్పుడు చీటీలు రెండు, పీజీ గది ఒకటే. గదిలో మంచం కిటికీ పక్కకి జరిపితే ఏ చీటీ పట్టుకుని వచ్చినవాడికైనా మంచం కిటికీ పక్కనే కనిపిస్తుంది. కోడ్‌లో

కొత్త = పాత

అని రాస్తే జరిగేది ఇదే, ఇంకో చీటీ రాయడం. (పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు కాబట్టి ఈ లైన్ ఉన్నది ఉన్నట్టు నడుస్తుంది కూడా.) ఇక్కడ కాపీ ఏమీ జరగలేదు. ఆ గది ఒకటేనా అని అడగడానికి పైథాన్‌లో ‘ఈజ్’ ఉంది, గదులు వేరైనా లోపలి సామాను ఒకేలా ఉందా అని అడగడానికి రెండు సమాన గుర్తులు ఉన్నాయి. జావాలో రెండు సమాన గుర్తులు పెడితే గది ఒకటేనా అన్న ప్రశ్న, సామాను పోల్చాలంటే ఈక్వల్స్ అనే మెథడ్ (ఆబ్జెక్ట్‌కి సొంతమైన ఫంక్షన్). ఒకే గుర్తుకు రెండు భాషల్లో రెండు అర్థాలు ఉండటం వల్ల జావా నుంచి పైథాన్‌కి వచ్చినవాళ్లు కొన్నాళ్లు తికమక పడతారు.

అన్ని భాషలూ ఇలాగే ఉండాలనేమీ లేదు. సీ ప్లస్ ప్లస్‌లో మామూలుగా ప్రకటించిన వేరియబుల్‌ని ఇంకోదానికి ఇస్తే నిజంగానే కాపీ అవుతుంది, స్విఫ్ట్‌లో స్ట్రక్ట్‌లు, సీ షార్ప్‌లో స్ట్రక్ట్‌లు కూడా అంతే. పీహెచ్‌పీ అయితే మధ్యలో మనసు మార్చుకుంది, 4వ వెర్షన్ దాకా ఆబ్జెక్ట్‌ని ఇంకో వేరియబుల్‌కి ఇస్తే కాపీ అయ్యేది, 2004లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి రెండు వేరియబుల్సూ ఒకే ఆబ్జెక్ట్‌ని చూస్తాయి, కాపీ కావాలంటే క్లోన్ అని విడిగా రాయాలి.

మా కుర్రాడికి ఇదంతా తెలుసు. అతను సమాన గుర్తుతో ఆగలేదు, పైథాన్ కాపీ మాడ్యూల్‌లోని కాపీ ఫంక్షన్ వాడాడు. అది కొత్త ఆర్డర్ ఆబ్జెక్ట్‌ని నిజంగానే తయారుచేసింది. కొత్త ఆర్డర్ తేదీ మారిస్తే పాత ఆర్డర్ తేదీ మారలేదు, అతను టెస్ట్ చేసింది కూడా అదే. కానీ ఆర్డర్ లోపల ఐటమ్స్ అనే లిస్ట్ ఉంది. ఆర్డర్ దగ్గర ఉన్నది ఆ లిస్ట్ కాదు, ఆ లిస్ట్ అడ్రస్ రాసిన చీటీ. కాపీ ఫంక్షన్ ఆర్డర్‌లోని ఒక్కో ఫీల్డ్‌నీ (తేదీ, ఐటమ్స్ లాంటి ఒక్కో వివరాన్నీ) కొత్తదాంట్లోకి దించింది, ఐటమ్స్ వంతు వచ్చినప్పుడు చీటీని దించింది. ఆర్డర్లు రెండయ్యాయి, ఐటమ్స్ లిస్ట్ ఒక్కటే మిగిలింది. అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టారు గానీ పొలం ఇంకా ఉమ్మడిలోనే ఉంది అన్నట్టు. కొత్త ఆర్డర్‌లో కోడి వేపుడు పది నుంచి పదిహేను చేస్తే పాతదాంట్లోనూ పదిహేనే అయింది, సేవ్ చేసినప్పుడు పాత ఆర్డర్ కూడా ఆ పదిహేనుతోనే డేటాబేస్‌లోకి వెళ్లిపోయింది. దీన్నే షాలో కాపీ అంటారు, పైపై కాపీ.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. తేదీ మారిస్తే పాతది మారలేదు, ఐటమ్ మారిస్తే మారింది, తేడా ఎక్కడ? తేదీ మార్చడమంటే కొత్త ఆర్డర్ చేతిలోని చీటీ తీసేసి వేరే చీటీ పెట్టడం, అది ఆ ఆర్డర్ సొంత వ్యవహారం. ఐటమ్ మార్చడమంటే చీటీ పట్టుకుని ఆ అడ్రస్‌కి వెళ్లి అక్కడున్న సామాను కదిలించడం. చీటీ మార్చడం, చీటీ చూపించిన చోట మార్చడం, ఈ రెండింటినీ విడదీసి చూడటం అలవాటైతే ఇలాంటి బగ్‌లలో చాలావరకు కోడ్ చదువుతుండగానే దొరికిపోతాయి. పైథాన్‌లో

గడులు = [[0] * 3] * 3

అని రాసి మూడు వరసల పట్టిక వచ్చిందనుకుంటాం, ఒక గడి మారిస్తే మూడు వరసల్లోనూ మారుతుంది, ఎందుకంటే అక్కడున్నది ఒకే వరస, దానికి మూడు చీటీలు.

సరే, కారణం తెలిసింది. వెంటనే టీమ్‌లో ఇంకొకరు కాపీ తీసేసి డీప్‌కాపీ పెట్టారు. డీప్ కాపీ అంటే మక్కీకి మక్కీ దించడం: ఆర్డర్‌తో పాటు దాని లోపలి లిస్ట్, ఆ లిస్ట్ లోపలి ఐటమ్స్, వాటి లోపల ఇంకేమున్నా అన్నీ కొత్తగా తయారవుతాయి. పాత బిల్లులు మారడం ఆగిపోయింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

నెలాఖరులో మళ్లీ ఫోన్ వచ్చింది, ఈసారి మా సొంత అకౌంట్స్ నుంచి. కొన్ని ఆఫీసులకు నెలవారీ ఖాతా ఉండేది, ఆర్డర్ పెట్టినప్పుడల్లా బాకీ పెరగాలి, నెల చివర ఒకేసారి కడతారు. ‘మళ్లీ ఇదే’ ద్వారా వచ్చిన ఆర్డర్ల డబ్బు ఖాతాలో ఎక్కడా కనిపించడం లేదు. ఆర్డర్‌లో కస్టమర్ అనే ఫీల్డ్ ఉంది, కస్టమర్ లోపల ఖాతా ఉంది. డీప్‌కాపీ ఆర్డర్‌తో మొదలుపెట్టి దొరికిన ప్రతి చీటీ పట్టుకుని వెళ్లి, కస్టమర్‌కి ఒక నకలు, ఖాతాకి ఒక నకలు తయారుచేసింది. కొత్త ఆర్డర్ బాకీని శ్రద్ధగా రాసుకుంది, ఆ నకలు ఖాతాలో. అసలు ఖాతాకి ఆ సంగతే తెలియదు.

ఒకే బటన్ మీద నెల వ్యవధిలో రెండు బగ్‌లు, రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మొదటిదాంట్లో విడిగా ఉండాల్సినవి ఉమ్మడిగా ఉండిపోయాయి. రెండోదాంట్లో ఉమ్మడిగా ఉండాల్సినవి విడిపోయాయి. షాలో మంచిదా డీప్ మంచిదా అని ఇంటర్వ్యూల్లో అడుగుతుంటారు, ఆ ప్రశ్నే నాకు అర్థం లేనిదిగా అనిపిస్తుంది. రెండూ యంత్రం చేసే పనులు. ఒకటి గడప దగ్గరే ఆగుతుంది, ఇంకోటి ఎక్కడా ఆగదు. మనక్కావలసిన కాపీ దాదాపు ఎప్పుడూ ఆ రెండింటికీ మధ్యలో ఉంటుంది, ఎక్కడ ఆగాలో చెప్పే సమాచారం మాత్రం కోడ్‌లో ఎక్కడా రాసి ఉండదు. ఎందుకంటే భాష దృష్టిలో ఐటమ్స్ ఒక రిఫరెన్స్, కస్టమర్ కూడా ఒక రిఫరెన్స్. ఐటమ్స్ ఈ ఆర్డర్ సొంతం, ఆర్డర్ పోతే వాటికి బతుకు లేదు. కస్టమర్ ఈ ఆర్డర్‌కి తెలిసిన మనిషి అంతే, ఆర్డర్ లేకపోయినా ఆయన ఉంటాడు. ఇది మన సొంతమా, మనకు తెలిసినదా అన్న తేడా మన బుర్రలో ఉంది, రిఫరెన్స్‌లో లేదు.

అందుకే ఆ రోజు మేం తెల్లబోర్డు మీద ఆర్డర్ ఫీల్డులన్నీ రాసుకుని ఒక్కోదాని దగ్గర ఆగి అడిగాం. ఆర్డర్ నంబర్: ఇది కాపీ కాకూడదు, కొత్తది పుట్టాలి, లేకపోతే రెండు ఆర్డర్లకి ఒకే గుర్తింపు వచ్చి సేవ్ చేసినప్పుడు ఒకటి ఇంకోదాని మీద కూర్చుంటుంది. తేదీ: కొత్తది. ఐటమ్స్: లిస్ట్ కొత్తది, లోపలి ఒక్కో ఐటమ్ కూడా కొత్తది. ఐటమ్ లోపల వంటకం ఉంది, కోడి వేపుడు అనే వంటకం మెనూలో ఒక్కటే, దానికి నకలు అక్కర్లేదు. కస్టమర్, మెస్సు: చీటీ చాలు. డిస్కౌంట్ కూపన్ దగ్గర కాసేపు వాదన జరిగింది, ఒకసారి వాడిన కూపన్ కాపీలో కూడా వస్తే అదే కూపన్ రెండోసారి వాడినట్టవుతుంది, కాబట్టి ఖాళీ. డబ్బు కట్టారా లేదా అన్న గుర్తు కూడా ఖాళీయే, దాన్ని కాపీ చేస్తే కట్టని డబ్బు కట్టినట్టు కనిపిస్తుంది. ఒక్క ఆర్డర్‌లో నాలుగు రకాల జవాబులు వచ్చాయి: లోపలిదాకా కాపీ, చీటీ మాత్రం, కొత్తగా పుట్టించు, ఖాళీగా వదులు. వీటిలో మొదటి రెండు మాత్రమే షాలో, డీప్ అన్న మాటల్లో ఇముడుతాయి.

డీప్ కాపీని తీసిపారేయమని నేను అనడం లేదు, అది పనిచేసే తీరు నిజానికి ముచ్చటగా ఉంటుంది. ఐటమ్‌లో తన ఆర్డర్‌కి రిఫరెన్స్ ఉందనుకోండి, ఆర్డర్‌లో ఐటమ్‌కి ఎలాగూ ఉంది. అమాయకంగా కాపీ చేసుకుంటూ పోతే ఆర్డర్ నుంచి ఐటమ్‌కి, ఐటమ్ నుంచి ఆర్డర్‌కి గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. అందుకని పైథాన్ డీప్‌కాపీ మెమో అనే ఒక డిక్షనరీ వెంట ఉంచుకుంటుంది, ఏ ఆబ్జెక్ట్‌కి నకలు తీసిందో అందులో రాసుకుని, అదే మళ్లీ ఎదురైతే కొత్త నకలు తీయకుండా ఇంతకుముందు తీసినదాన్నే ఇస్తుంది. దీనివల్ల చక్రాలు తెగడమే కాదు, అసలులో ఇద్దరు ఒకే వస్తువుని పంచుకుంటుంటే నకలులోనూ ఆ ఇద్దరూ ఒకే నకలుని పంచుకుంటారు, ఆకారం చెడదు. అయితే లోతుకి దిగే కొద్దీ ఒక కాల్ లోపల ఇంకో కాల్ పేరుకుంటుంది, పైథాన్‌లో మామూలుగా వాటికి 1000 దాకానే హద్దు, కాబట్టి వేల నోడ్లున్న లింక్డ్ లిస్ట్‌ని (ఒక్కో నోడ్ తర్వాతి నోడ్ చీటీ పట్టుకుని ఉండే గొలుసుని) డీప్‌కాపీకి ఇస్తే రికర్షన్ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. ఇంకో సంగతి, అన్నిటికీ నకలు ఉండదు. ఒకసారి ఒకరే వాడేలా తాళం వేసే లాక్ ఆబ్జెక్ట్‌కి, తెరిచి ఉన్న ఫైల్‌కి, డేటాబేస్ కనెక్షన్‌కి కాపీ అంటే ఏంటి? లాక్ ఉన్న ఆబ్జెక్ట్‌ని డీప్‌కాపీ చేయబోతే పైథాన్ ఒప్పుకోదు, టైప్ ఎర్రర్ ఇస్తుంది. ఒప్పుకోకపోవడమే సరైన పని.

ఈ సొంతం, తెలిసినది అన్న తేడాని భాషలు ఎలా పట్టించుకున్నాయో చూస్తే వాటి తత్వం అర్థమవుతుంది. జావా కథ కాస్త బాధాకరం. క్లోనబుల్ అని ఒక ఇంటర్‌ఫేస్ ఉంది, అంటే ఒక క్లాస్ (ఆబ్జెక్టులు తయారయ్యే అచ్చు) తను ఏం చేయగలదో ఇచ్చే మాట, అందులో ఒక్క మెథడ్ కూడా లేదు. క్లోన్ మెథడ్ ఉన్నది అన్ని క్లాసులకీ మూలమైన ఆబ్జెక్ట్ అనే క్లాస్‌లో, అది కూడా ప్రొటెక్టెడ్, అంటే బయటివాళ్లు నేరుగా పిలవలేరు. క్లోనబుల్ అని రాసుకోని క్లాస్ మీద దాన్ని పిలిస్తే ఎక్సెప్షన్ వస్తుంది, రాసుకుంటే ఫీల్డ్ తర్వాత ఫీల్డ్ పైపై కాపీ వస్తుంది. ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్ ఈ దారిలో అసలు నడవదు, కాబట్టి మీరు కన్‌స్ట్రక్టర్‌లో పెట్టుకున్న జాగ్రత్తలన్నీ పక్కకి పోతాయి, ఫైనల్ (ఒకసారి ఇచ్చాక చీటీ మార్చకూడదు) అని రాసిన లిస్ట్ ఫీల్డ్‌కి క్లోన్‌లో కొత్త లిస్ట్ ఇవ్వడం కూడా కుదరదు. జావా కలెక్షన్స్ (లిస్ట్ లాంటి రెడీమేడ్ క్లాసులు) రూపొందించిన జాషువా బ్లాక్ స్వయంగా క్లోన్ జోలికి వెళ్లకుండా కాపీ కన్‌స్ట్రక్టర్ (పాత ఆబ్జెక్ట్ తీసుకుని కొత్తది కట్టేది) గానీ ఫ్యాక్టరీ మెథడ్ (కొత్త ఆబ్జెక్ట్ చేసిచ్చేది) గానీ రాసుకోమంటారు, ఇన్నేళ్లలో ఆ సలహా తప్పని నాకు ఒక్కసారీ అనిపించలేదు. సీ షార్ప్‌లో ఐక్లోనబుల్ అనే ఇంటర్‌ఫేస్‌ది ఇంకో ఇబ్బంది, అది వాగ్దానం చేసే కాపీ పైపైదా లోతైనదా అన్నది ఎక్కడా చెప్పదు, మైక్రోసాఫ్ట్ మార్గదర్శకాలే దాన్ని వాడొద్దంటాయి.

సీ ప్లస్ ప్లస్ మాత్రం ఈ ప్రశ్నని మన ముఖం మీదే అడుగుతుంది. మీరేమీ రాయకపోతే కంపైలర్ (కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది) కాపీ కన్‌స్ట్రక్టర్‌ని తనే తయారుచేసి ఒక్కో మెంబర్‌ని కాపీ చేస్తుంది. మెంబర్ వెక్టర్ (లిస్ట్ లాంటిది) అయితే లోపలి విలువలతో సహా కొత్తది వస్తుంది, మామూలు పాయింటర్ (మన చీటీ లాంటిది) అయితే అడ్రస్ మాత్రమే వస్తుంది. ఆ మెమరీని డిస్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే కోడ్‌లో) వదిలేసే అలవాటు మీ క్లాస్‌కి ఉంటే, రెండు ఆబ్జెక్టులూ పోయేటప్పుడు ఒకే మెమరీని రెండుసార్లు వదిలి ప్రోగ్రామ్ కూలిపోతుంది. అందుకే డిస్ట్రక్టర్, కాపీ కన్‌స్ట్రక్టర్, కాపీ అసైన్‌మెంట్, ఈ మూడింటిలో ఒకటి రాయాల్సి వచ్చిందంటే మిగతా రెండూ రాయాలనే రూల్ ఆఫ్ త్రీ పుట్టింది, 2011 స్టాండర్డ్‌లో మూవ్ (కాపీ చేయకుండా సామాను తరలించడం) వచ్చాక అది ఐదయింది. కానీ నాకు అంతకన్నా నచ్చేది అదే స్టాండర్డ్‌లో వచ్చిన స్మార్ట్ పాయింటర్లు. యూనిక్ పాయింటర్ అని రాస్తే ఇది నా ఒక్కడి సొంతం అని చెప్పినట్టు, దాన్ని కాపీ చేయబోతే కంపైలరే ఆపేస్తుంది. షేర్డ్ పాయింటర్ అంటే ఇది ఉమ్మడి. బుర్రలో ఉన్న తేడా టైప్‌లోకి వచ్చి కూర్చుంది. రస్ట్ అనే భాష ఇదే దారిలో ఇంకా ముందుకెళ్లింది.

జావాస్క్రిప్ట్ వాళ్లకి రోజూ ఎదురయ్యేది మూడు చుక్కల స్ప్రెడ్, ఒక ఆబ్జెక్ట్‌లోనివి ఇంకోదాంట్లో పరిచే పద్ధతి. అది ఒక మెట్టు లోతు వరకే కాపీ, లోపలివన్నీ ఉమ్మడే. ఆబ్జెక్ట్‌ని జేసన్‌గా (డేటాని అక్షరాల్లో రాసే పద్ధతిలోకి) మార్చి మళ్లీ వెనక్కి చదవడం అనే చిట్కా ఇప్పటికీ చాలా కోడ్‌లో కనిపిస్తుంది, దాంతో తేదీలు స్ట్రింగులైపోతాయి (ఉత్త అక్షరాల వరసలు), అన్‌డిఫైన్డ్ (ఇంకా ఏమీ ఇవ్వని) విలువలూ ఫంక్షన్లూ మాయమవుతాయి, ఆబ్జెక్టుల్లో చక్రం ఉంటే ఎర్రర్ వస్తుంది. 2022 మార్చి నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకి వచ్చిన స్ట్రక్చర్డ్‌క్లోన్ అనే ఫంక్షన్ తేదీలనీ చక్రాలనీ సరిగ్గా చూసుకుంటుంది. కానీ లోపల ఫంక్షన్ ఉంటే ఒప్పుకోదు, మీరు రాసుకున్న క్లాస్ ఆబ్జెక్ట్ ఇస్తే క్లాస్ పోగొట్టుకున్న మామూలు ఆబ్జెక్ట్ తిరిగి వస్తుంది.

వీటన్నిటికన్నా తేలిక దారి ఒకటుంది, అసలు మారనివాటితో పనిచేయడం. ఉమ్మడిగా ఉండటం వల్ల చిక్కు వచ్చేది ఎవరో ఒకరు మార్చినప్పుడే. జావాలో స్ట్రింగ్‌ని ఎవరూ మార్చలేరు కాబట్టి వెయ్యి ఆబ్జెక్టులు ఒకే స్ట్రింగ్‌ని పంచుకున్నా ఎవరికీ ఏమీ కాదు, పైథాన్ కూడా పూర్తిగా మారని విలువలున్న టపుల్‌ని (మార్చలేని లిస్ట్ లాంటిదాన్ని) డీప్‌కాపీ చేయమంటే నకలు తీయకుండా అదే టపుల్‌ని తిరిగిస్తుంది. టపుల్ లోపల లిస్ట్ ఉంటే మాత్రం ఆ భరోసా లేదు, పెట్టె మారకపోయినా పెట్టెలోది మారుతుంది. ఐటమ్‌ని మారనిదిగా చేసి, సంఖ్య మార్చాలంటే కొత్త ఐటమ్ తయారుచేసి లిస్ట్‌లో పెట్టేలా రాసుకుంటే, అప్పుడు లిస్ట్ ఒక్కటి కాపీ చేస్తే సరిపోతుంది. మేం చివరికి చేసింది అదే. డీప్‌కాపీ తీసేశాం, కాపీ అన్న పేరు కూడా తీసేశాం, ఆర్డర్ క్లాస్‌లోనే ‘మళ్లీ ఆర్డర్ చెయ్యి’ అనే అర్థం వచ్చే మెథడ్ రాశాం. బోర్డు మీద తేల్చుకున్న ఒక్కో ఫీల్డ్ జవాబు అందులో ఒక్కో లైన్. టెస్టులు కూడా రెండు వైపులా రాశాం: కొత్తదాంట్లో ఐటమ్ మారిస్తే పాతది కదలకూడదు, రెండింటి కస్టమర్ మాత్రం ‘ఈజ్’ పెట్టి అడిగితే ఒక్కడే అయుండాలి.

అంతా అయ్యాక కుర్రాడు బోర్డు వైపు చూస్తూ ఇంకో ప్రశ్న వేశాడు. “అన్నా, కస్టమర్ ఉమ్మడి అన్నాం. రేపు ఆ ఆఫీసు మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్‌కి మారితే కస్టమర్ అడ్రస్ మారుస్తారు. అప్పుడు పోయిన నెల బిల్లు తెరిస్తే భోజనాలు వైట్‌ఫీల్డ్‌కి పంపినట్టు కనపడదా?” కనపడుతుంది. మేం ఎవరమూ దాని గురించి ఆలోచించలేదు. కోడి వేపుడు ధర సంగతీ అంతే, మెనూలో రేటు పెంచితే పాత బిల్లులన్నీ పెరిగిన రేటుతో కనిపిస్తాయి. అవి ఆర్డర్‌కి తెలిసినవాటి లోపల ఉన్నా, ఆర్డర్ పెట్టిన క్షణంలో ఎలా ఉన్నాయన్నది మాత్రం ఆర్డర్ సొంతం. డెలివరీ అడ్రస్, ఐటమ్ ధర, ఈ రెండింటినీ ఆర్డర్ పెట్టిన రోజే దాని లోపలికి మారని విలువలుగా దించేయాలని రాసుకున్నాం. ‘మళ్లీ ఇదే’ నొక్కినప్పుడు మాత్రం పాత ఆర్డర్‌లోని ధర కాపీ కాకూడదు, మెనూలో ఆ రోజున్న ధర రావాలి. అడ్రస్ దగ్గర అలా తేలలేదు, కొన్ని ఆఫీసులు రెండు బ్రాంచీలకి ఆర్డర్ పెడతాయి కాబట్టి పాత ఆర్డర్ అడ్రస్ చూపించి, ఇక్కడికేనా అని అడిగేలా స్క్రీన్ మార్చాం.